విమానం మారే ఊళ్లో ఒక రాత్రి: ఇంటిల్లిపాదితో స్టాపోవర్ వేసుకునేవారికి

స్టాపోవర్ అనగానే మా వారు మ్యాపు తెరుస్తారు. నేను విమానాల వేళల పట్టిక తెరుస్తాను. ఆయనకు ఊరు ముఖ్యం, నాకు ఆ ఊళ్లో దిగే వేళ ముఖ్యం. తెల్లవారుజామున నాలుగింటికి నిద్రమొహాలతో దిగే మహానగరం కన్నా, మధ్యాహ్నం రెండింటికి దిగే ఓ మోస్తరు ఊరే కుటుంబానికి మేలని నా గట్టి నమ్మకం. ఒంటరిగా తిరిగేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లు బెంచీ మీద కునుకు తీసి, లేచి తిరిగేస్తారు. మాది అలాంటి జట్టు కాదు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, ఫోను చేతిలో ఉంటే ఎక్కడైనా కూర్చోగల పదమూడేళ్ల కొడుకు, ఆకలేస్తే అలిగి నిద్రొస్తే ఏడ్చే ఆరేళ్ల కూతురు, ఒక్కటీ వదలకూడదనుకునే మా వారు, అందరి పాస్‌పోర్టులూ మోసే నేను. ఇలాంటి ఇంటివారి కోసమే ఇది రాస్తున్నాను.

పొడవాటి ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో ఒక రాత్రి కాళ్లు చాచుకుని మంచం మీద పడుకోవడమే స్టాపోవర్ అసలు ప్రయోజనం. ఊరు చూడడం దాని మీద వచ్చే లాభం. ఈ వరస తలకిందులైతే, అసలు వెళ్లాల్సిన చోటికి చేరేసరికి ఒకరికి జ్వరం, ఇంకొకరికి విసుగు, మిగతావాళ్లకు మౌనం.

24 గంటల గీత

అంతర్జాతీయ టికెట్లలో 24 గంటలు ఒక గీత. మధ్య ఊళ్లో దిగి 24 గంటల లోపే మళ్లీ విమానమెక్కితే దాన్ని సాధారణంగా ట్రాన్సిట్‌గా లెక్కేస్తారు. అది దాటితే స్టాపోవర్. గీతకు ఇటు ఉంటే పెట్టెలు సాధారణంగా చివరి గమ్యానికే వెళ్లిపోతాయి, అటు ఉంటే మధ్యలో తీసుకుని మళ్లీ ఇవ్వాలి. గీత దాటితే కొన్ని టికెట్ల ఛార్జీ కూడా పెరుగుతుంది. పన్నులు మారే దేశాలూ ఉన్నాయి. బ్రిటన్‌లో 24 గంటలు దాటి ఆగితే అక్కడి నుంచి ఎగిరే తరువాతి విమానానికి ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ పడుతుంది. ఎకానమీలో వెళ్లే 16 ఏళ్లలోపు పిల్లలకు ఆ పన్ను లేదు గానీ పెద్దలందరికీ ఉంది. ముగ్గురు పెద్దలున్న ఇంట్లో అది పట్టించుకోవాల్సిన మొత్తమే.

అందుకే నాకు బాగా నచ్చే అమరిక ఒకటుంది: మధ్యాహ్నం దిగి, మర్నాడు మధ్యాహ్నం, 24 గంటలు నిండకముందే ఎగరడం. దిగిన సాయంత్రం చిన్న నడక, రాత్రి నిద్ర, మర్నాడు పొద్దున ఒక్క చోటు చూడడం, భోజనం, విమానం. హోటలు గది ఒక్క రాత్రికే కట్టాలి, అది కూడా పూర్తిగా వాడుకుంటాం. ఇలాంటి వేళలున్న విమానాలు దొరికితే ఊరి పేరు కూడా చూడకుండా టికెట్లు తీసుకోవచ్చంటాను. మా వారు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

టికెట్లు వెతికేటప్పుడు రానూపోనూ అన్న వరసలో కాకుండా ‘మల్టీ సిటీ’ అన్న చోట మూడు ముక్కలుగా వెతకండి. వచ్చిన ఛార్జీని మామూలు రానూపోనూ ఛార్జీతో పోల్చి చూడండి. కొన్ని సంస్థలు ఛార్జీ పెంచకుండానే ఆగనిస్తాయి. ఐస్‌ల్యాండ్‌ఎయిర్ అట్లాంటిక్ దాటే ప్రయాణంలో ఐస్‌ల్యాండ్ రాజధాని రేక్యవిక్‌లో 7 రోజుల దాకా అదనపు విమాన ఛార్జీ లేకుండా ఆగే వీలు చాలాకాలంగా ఇస్తోంది. మూడు ముక్కలూ ఒకే బుకింగులో, ఒకే పీఎన్‌ఆర్ కింద ఉండాలన్నది మాత్రం నేను ఎవరి కోసమూ సడలించని నియమం. రెండు వేర్వేరు టికెట్లు కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోదాని బాధ్యత ఎవరూ తీసుకోరు. ఒకే బుకింగులో ఇంకో జాగ్రత్త ఉంది. మధ్యలో ఒక ముక్క ఎక్కకుండా వదిలేస్తే తరువాతి ముక్కలన్నీ రద్దవుతాయి. ఊరు బాగుంది కదా అని రైల్లో వెళ్లిపోదామనే ఆలోచన పెట్టుకోకూడదు.

వెళ్లేటప్పుడా, వచ్చేటప్పుడా అని అడిగితే నా ఓటు వెళ్లేటప్పటికే. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలు బరువెక్కి ఉంటాయి, సెలవులు అయిపోయి ఉంటాయి, మనసు అప్పటికే ఇంటికి చేరి ఉంటుంది. అవతల పెళ్లో, కాలేజీలో చేరడమో, ఫలానా తేదీకి ఉండి తీరాల్సిన పనో ఉంటే మాత్రం వెళ్లేటప్పుడు ఎక్కడా ఆగవద్దు.

గంటల తీసివేత

ఉదయం 7కి దిగి రాత్రి 9కి ఎగిరే విమానం తీసుకుందాం. కాగితం మీద 14 గంటలు. విమానం తలుపు దగ్గర నుంచి విమానాశ్రయం బయటికి రావడానికి పిల్లలతో, పెద్దవాళ్లతో గంటన్నర తీసేయండి. విమానంలో బాత్రూముకు వెళ్లనని మొండికేసిన పాపకు దిగగానే అవసరం పడుతుంది, ఆమె బయటికి వచ్చేలోపు మనతో దిగిన మూడొందల మందీ ఇమిగ్రేషన్ వరసలో మన ముందు నిలబడి ఉంటారు. ఊళ్లోకి ఒక గంట, తిరిగి రావడానికి ఒక గంట. విమానానికి మూడు గంటల ముందు మళ్లీ విమానాశ్రయంలో ఉండాలి. మిగిలింది ఏడున్నర గంటలు. అందులో రెండు పూటల తిండి, వెతుకులాటలు, ఒకరి కోసం ఒకరు ఆగడాలు పోతే నికరంగా ఐదు గంటలు. ఐదు గంటల్లో ఒక చోటు తీరిగ్గా చూడవచ్చు, రెండు చోట్లు హడావుడిగా చూడవచ్చు. మూడో చోటు పేరెత్తినవారిని నేను మాట మార్పించేస్తాను.

ఈ తీసివేత చేశాక మీకు తెలిసేదేమిటంటే, రెండు విమానాల మధ్య ఎనిమిది గంటలకన్నా తక్కువ ఉంటే కుటుంబంతో ఊళ్లోకి వెళ్లడం దండగ. అలాంటప్పుడు విమానాశ్రయాన్నే చూడదగ్గ చోటుగా తీసుకోవడం మేలు. సింగపూర్ చాంగీ ఇందుకు పెట్టింది పేరు. టెర్మినల్ 3లో ట్రాన్సిట్ వైపే సీతాకోకచిలుకల తోట ఉంది. అయితే ఒక మెలిక ఉంది. అందరూ ఫొటోల్లో చూసే జలపాతం, అంటే 40 మీటర్ల ఎత్తు నుంచి పడే రెయిన్ వోర్టెక్స్, 2019లో తెరిచిన జ్యువెల్ భవనంలో ఉంది. జ్యువెల్ ఇమిగ్రేషన్‌కు అవతల ఉంది. దాని కింద నిలబడాలంటే ఆ దేశంలోకి అడుగు పెట్టాల్సిందే, దానికి తగ్గ వీసా, ముందుగా ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డు ఉండాల్సిందే. టెర్మినల్ 2, 3 మధ్య నడిచే స్కైట్రెయిన్ ఆ భవనంలోంచే వెళ్తుంది కాబట్టి, ట్రాన్సిట్‌లో ఉన్నవాళ్లకు అద్దంలోంచి కాసేపు కనిపిస్తుంది. పాప ముక్కు అద్దానికి ఆనించి చూస్తున్నంతసేపు రెండు టెర్మినళ్ల మధ్య అటూ ఇటూ తిరిగినా అడిగేవారు లేరు.

కనీసం ఐదున్నర గంటలుండి, 24 గంటలు మించని ట్రాన్సిట్ ప్రయాణికులకు చాంగీలో ఉచిత నగర యాత్ర కూడా ఉంది. బస్సులో తీసుకువెళ్లి రెండున్నర గంటల్లో తిప్పి తీసుకొస్తారు. ఇస్తాంబుల్‌లో టర్కిష్ ఎయిర్‌లైన్స్ తన అంతర్జాతీయ ట్రాన్సిట్ ప్రయాణికులకు 6 నుంచి 24 గంటల విరామం ఉంటే ‘టూరిస్తాంబుల్’ పేరుతో ఇలాంటిదే నడుపుతోంది. రెండింటికీ ఆ దేశంలో ప్రవేశించే అర్హత ఉండాలి. నడక, గుంపు, గైడు జెండా వెంట పరుగు సరిపడేవారికి ఇవి మంచివే. విమానం తప్పిపోతుందన్న బెంగ ఉండదు, ఎందుకంటే తిప్పేవాళ్లే సమయం చూసుకుంటారు. మా అత్తగారికి గుంపు వేగం సరిపడదు కాబట్టి మేము వాటి జోలికి వెళ్లం.

ఊరు ఎంచుకోవడం

విమానాశ్రయం నుంచి ఊరి నడిబొడ్డుకి ఎంతసేపు పడుతుంది, దారిలో ఎన్ని మార్పులు, ఎన్ని మెట్లు? ఊరు ఎంచుకునేటప్పుడు నేను అడిగేది ఇదే. దుబాయ్ విమానాశ్రయం ఊళ్లోనే ఉంది, టెర్మినల్ 1, 3 నుంచి నేరుగా మెట్రో ఎక్కవచ్చు. దోహాలో హమద్ విమానాశ్రయం నుంచి రెడ్ లైన్ మెట్రో ముషెయిరిబ్ వరకు వెళ్తుంది. అక్కడి నుంచి గోల్డ్ లైన్‌లో తరువాతి స్టేషనే సూక్ వాకిఫ్. ఆ పాత బజారూ, సముద్రపు ఒడ్డున ఐ.ఎం.పేయ్ రూపకల్పన చేసిన ఇస్లామిక్ కళల మ్యూజియమూ దగ్గరదగ్గరగా ఉంటాయి. చల్లటి నెలల్లో ఈ రెండింటితో ఒక సగం రోజు హాయిగా గడుస్తుంది. జూలై మధ్యాహ్నం అక్కడ 40 డిగ్రీలు దాటిన ఎండలో సముద్రతీరపు నడకను ప్రణాళికలో పెట్టుకుంటే మాత్రం ఇంట్లో తగువే.

ఇస్తాంబుల్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి, ఒకటి ఐరోపా వైపు, ఒకటి ఆసియా వైపు. టికెట్టులో ఏది ఉందో చూసి గానీ హోటలు తీసుకోకండి. దిగేది ఒకచోట, ఎక్కేది మరోచోట అయితే ఆ టికెట్టునే వదిలేయండి. పెద్దదైన ఇస్తాంబుల్ విమానాశ్రయం పాతనగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరం. ఎం11 మెట్రోలో గైరెట్టెపె దాకా వచ్చి రైలు మారవచ్చు. ట్రాఫిక్ ఉన్న వేళల్లో టాక్సీకన్నా అదే నమ్మకం. దూరం ఉన్నా ఆ ఊరికి నేను ఒక రాత్రి ఇస్తాను. ఎందుకో తరువాత చెప్తాను.

కాలం కూడా చూడాలి. డిసెంబరులో రేక్యవిక్‌లో పగటి వెలుతురు నాలుగైదు గంటలే ఉంటుంది, విమానాశ్రయమేమో 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న కెఫ్లావిక్‌లో. రాత్రి ఆకాశం చూడాలని వెళ్లేవారికి అది వరమే గానీ, దారిలో ఓ పూట ఆగుదామనుకునే కుటుంబానికి కాదు.

వీసా దగ్గర ఎవరి పాస్‌పోర్టు వారిదే. ఇంట్లో అందరివీ ఒకే దేశపు పాస్‌పోర్టులు కాకపోతే, ఒక్కొక్కరి పేరు మీద విడివిడిగా చూసుకోవాలి. తెలిసినవాళ్లు పోయినేడాది వెళ్లొచ్చారన్న మాట చాలదు, ఆ దేశ ప్రభుత్వపు వెబ్‌సైటే చూడండి. చెకిన్ కౌంటరులో సిబ్బంది చూసేది విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా నిర్వహించే టిమాటిక్ అనే వీసా, పాస్‌పోర్టు నియమాల సమాచారాన్ని. అక్కడ కుదరదని వస్తే విమానం ఎక్కనివ్వరు. రెండు విషయాలు చాలామందిని తికమక పెడతాయి. అమెరికాలో విమానం మారేవాళ్లు కూడా ఇమిగ్రేషన్ దాటాలి, బయటికి వెళ్లకుండా లోపలే ఉండే ట్రాన్సిట్ అన్నది అక్కడ లేదు. తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న ఐరోపా దేశాల జట్టు షెంగెన్. ఆ దేశాల్లో, ఉదాహరణకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి పారిస్ విమానం ఎక్కితే, షెంగెన్‌లోకి ప్రవేశం ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే జరుగుతుంది. పెద్ద వరస అక్కడే ఉంటుంది, దానికి సరిపడా సమయం అక్కడే ఇవ్వాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలన్న నియమం గమ్యదేశానికి లేకపోయినా మధ్యలో ఆగే దేశానికి ఉండవచ్చు. పిల్లల పాస్‌పోర్టుల గడువు పెద్దలకన్నా తక్కువ, అవే ముందు చూడండి.

తెల్లవారుజామున దిగితే

మధ్యాహ్నం దిగే విమానం దొరక్కపోతే? చాలామందికి దొరకదు. పెద్ద ట్రాన్సిట్ విమానాశ్రయాలకు రాత్రంతా ప్రయాణించి వచ్చే విమానాలు నాలుగు, ఐదు గంటలకే దింపేస్తాయి. హోటలు గది చేతికొచ్చేది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు. ఈ పది గంటల గొయ్యిని చూసుకోకుండా కట్టిన ప్రణాళికలు ఎన్నో అందులో పడ్డాయి. ఒక హోటలు లాబీలో తెల్లవారి ఆరింటికి ఒక కుటుంబాన్ని చూశాను. రెండు పెట్టెలు పక్కపక్కన పడుకోబెట్టి, వాటి మీద కోటు పరిచి, పసివాణ్ణి పడుకోబెట్టారు. వాడి ఒక కాలికే బూటు ఉంది. తండ్రి రెండోది చేత్తో పట్టుకుని కౌంటరు వైపు చూస్తున్నాడు. కౌంటరులోని అమ్మాయి ఎంతో మర్యాదగా, గది ఖాళీ అయితే పదకొండింటికి ఇవ్వగలమేమో చూస్తామంటోంది.

నా పద్ధతి, ముందు రాత్రి నుంచే గది తీసుకోవడం. పదో తేదీ రాత్రి బయలుదేరి పదకొండో తేదీ ఉదయం ఐదింటికి దిగుతున్నామంటే, గది పదో తేదీ నుంచి ఉండాలి. ఇక్కడే రెండు పనులు మరవకూడదు. మొదటిది, ‘పదకొండున ఉదయం ఆరింటికి వస్తాం, గది ఉంచండి’ అని హోటలుకు రాసి, వాళ్ల జవాబు తీసుకోవాలి. లేకపోతే రాత్రంతా చూసి రాలేదని బుకింగు కొట్టేసే ప్రమాదం ఉంది. రెండోది, ఖాళీ చేసే వేళ. పదో తేదీకి తీసుకున్న గది పదకొండో తేదీ మధ్యాహ్నానికి ఖాళీ చేయాలి. విమానం ఆ రాత్రే అయితే సాయంత్రం దాకా గది ఉంచడానికి ఎంత అడుగుతారో ముందే కనుక్కోండి, లేదా పెట్టెలు హోటల్లో వదిలి, బయట తిరిగి వచ్చి తీసుకువెళ్లే ఏర్పాటు చేసుకోండి. ఒక రాత్రి అద్దె దండగ కదా అని మా వారు మొదట్లో సణిగేవారు. ఉదయం ఏడింటికి స్నానాలు చేసి, తెరలు దించుకుని నాలుగు గంటలు పడుకుని లేచాక ఆ సణుగుడు వినపడలేదు.

అంత ఖర్చు వద్దనుకుంటే గంటల లెక్కన అద్దెకిచ్చే ట్రాన్సిట్ హోటళ్లు కొన్ని పెద్ద విమానాశ్రయాల లోపలే ఉంటాయి. పగటి వేళకు మాత్రమే గది ఇచ్చే ఊరి హోటళ్లూ ఉన్నాయి. బుక్ చేసేటప్పుడు పిల్లల్ని కూడా లెక్కలో చూపించండి. ఇద్దరికి అని రాసిన గదిలోకి ఐదుగురు వెళ్తే వెనక్కి పంపే హోటళ్లు ఉన్నాయి. మాకు రెండు గదులు పడతాయి కాబట్టి, లోపలి తలుపుతో కలిసి ఉండేవి కావాలని ముందే రాసి, దొరుకుతాయని వాళ్లు నిర్ధారించాకే డబ్బు కడతాను.

హోటలు ఊరి నడిబొడ్డున ఉండనక్కర్లేదు. విమానాశ్రయం నుంచి వచ్చే మెట్రో దారిలో, స్టేషనుకు ఐదు నిమిషాల నడకలో, లిఫ్టు ఉన్న స్టేషను దగ్గర ఉంటే చాలు. పొద్దున్నే ఎగరాల్సి ఉంటే విమానాశ్రయం పక్కనే పడుకోవడం ఉత్తమం.

పెట్టెలు

చెకిన్ కౌంటరులో పెట్టెకు కట్టే ట్యాగు మీద మూడక్షరాల గుర్తు పెద్దగా ఉంటుంది. అది చదవకుండా కౌంటరు వదలకండి. ఇస్తాంబుల్‌లో పెట్టె చేతికి కావాలంటే ఐఎస్‌టీ అని, సింగపూర్‌లో కావాలంటే ఎస్‌ఐఎన్ అని ఉండాలి. వద్దనుకుంటే చివరి ఊరి గుర్తు ఉండాలి. ఒకసారి ఒక విమాన సంస్థ కౌంటరులో, రాత్రి మధ్యలో ఆగుతున్నాం, పెట్టె కావాలని చెప్పినా మామూలుగానే చివరి ఊరికి ట్యాగు కట్టేశారు. బెల్టు మీద కదలబోతుండగా మా అబ్బాయి చదివి చెప్పాడు. అప్పటి నుంచి ట్యాగులు చదివే ఉద్యోగం వాడిదే, వాడికి అదొక హోదా.

మా ఇంట్లో మధ్య రాత్రి కోసం ఒకే చిన్న పెట్టె ఉంటుంది. అందరి ఒక్కో జత బట్టలు, పడుకునే దుస్తులు, పళ్ల బ్రష్షులు, ఛార్జర్లు, ఆ ఊరి వాతావరణానికి కావాల్సినవి అందులోనే. పెద్ద పెట్టెలు గమ్యానికి వెళ్లిపోతే సంతోషం. మధ్యలో చేతికొస్తే, విమానాశ్రయంలోనే సామాను భద్రపరిచే కౌంటరులో వదిలి, చిన్న పెట్టెతోనే ఊళ్లోకి వెళ్తాం.

అత్తగారి మందులు చేతి సంచిలోనే, డాక్టరు చీటీతో సహా, ఆగే రోజుకన్నా రెండు రోజులకు ఎక్కువగా. కొడీన్ ఉన్న దగ్గు మందులు, కొన్ని రకాల నొప్పి, నిద్ర మాత్రల మీద సింగపూర్, యూఏఈ వంటి దేశాల్లో గట్టి కట్టుబాట్లున్నాయి. కొన్నిటికి ముందస్తు అనుమతి కావాలి. మనకు అది దారిలో ఆగే ఊరే, వాళ్లకు మాత్రం వాళ్ల దేశం. పిల్లల జేబులూ చూడండి, సింగపూర్‌లోకి చూయింగ్ గమ్ తీసుకురావడం నిషేధం.

ఆ ఒక్క రోజు

రోజంతటికీ ఒక్క పని పెట్టుకోవాలి, అదీ జట్టులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారికి తగినది. ఇస్తాంబుల్‌కు నేనొక రాత్రి ఇస్తానన్నది అందుకే. పాతనగరంలోని పురాతన మసీదు హాగియా సోఫియా చూడాలని మా వారి కోరిక. 2024 నుంచి అక్కడ పర్యాటకులు పై అంతస్తు గ్యాలరీకి వెళ్లి చూడాలి, అక్కడికి చేరేది ఏటవాలు రాతి దారిలో. మోకాళ్లు బాగోలేనివారికి అది శిక్ష. టోప్‌కాపీ ప్యాలెస్‌కు మంగళవారం సెలవు. మసీదుల్లో నమాజు వేళల్లో సందర్శకులను ఆపుతారు. ఇవన్నీ పక్కన పెట్టి ఐరోపా వైపున్న ఎమినోను రేవులో, ఆసియా ఒడ్డునున్న ఉస్కుదార్ వెళ్లే మామూలు ఫెర్రీ ఎక్కాం. పర్యాటకుల పడవ కాదు, ఆ ఊరివాళ్లు పనులకు వెళ్లే పడవ. కిటికీ పక్క బెంచీ మీద అత్తగారిని కూర్చోబెట్టాం. పడవ కదలగానే ఒకవైపు టోప్‌కాపీ గోడలు, దాని వెనక హాగియా సోఫియా గోపురం, మరోవైపు గలాటా బురుజు, అన్నీ వాటంతట అవే వచ్చి కిటికీలో నిలబడ్డాయి. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసుల్లో టీ అమ్మే మనిషి పళ్లెం ఊగకుండా మెట్లెక్కుతున్నాడు. సముద్రపు కాకుల వెంట పాప డెక్కు మీద అటూ ఇటూ పరిగెడుతోంది. ‘ఎలా ఉంది అత్తయ్యా?’ అంటే, ‘మోకాళ్లకు తెలియకుండా ఊరంతా చూపించావమ్మా’ అన్నారు. ఖండం దాటాం, కాసేపు అవతలి ఒడ్డున కూర్చున్నాం, అదే పడవలో వెనక్కి వచ్చాం. మా వారు మర్నాడు పొద్దున్నే లేచి ఒక్కరే హాగియా సోఫియాకు వెళ్లొచ్చారు. అందరూ అన్నీ కలిసే చూడాలన్న నియమం ఎక్కడా లేదు.

ఏ ఊరైనా ఇలాంటిదొకటి ఉంటుంది, మనం కూర్చుంటే ఊరే కదిలేది: ఫెర్రీ, ట్రామ్, పైకప్పు లేని బస్సు. అది వెతకండి.

నిద్ర విషయంలో పోరాటం వద్దు. ఒంట్లోని గడియారం మారిన వేళలకు సర్దుకోవడానికి గంట తేడాకు సుమారు ఒక రోజు పడుతుంది. ఒక్క రాత్రికి దాన్ని మార్చాలని చూడడం వృథా. పడమటి నుంచి తూర్పుకు వచ్చినవారికి రాత్రి నిద్ర పట్టదు, కాబట్టి ఆ సాయంత్రాన్నే వాడుకోండి. సింగపూర్ గార్డెన్స్ బై ది బేలో సూపర్‌ట్రీల, అంటే చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల, దీపాల ప్రదర్శన రాత్రి 7:45కి, 8:45కి ఉంటుంది, చూడడానికి టికెట్టు లేదు. తూర్పు నుంచి పడమటికి వచ్చినవారు తెల్లవారి మూడింటికే లేచి కూర్చుంటారు. వాళ్లకు సూర్యోదయపు నడక సరిపోతుంది, రాత్రి ప్రదర్శనలు వద్దు. ఏ దిక్కు నుంచి వచ్చినా మధ్యాహ్నం గదిలో రెండు గంటలు పిల్లలకు వదిలేయండి. నిద్రపోకపోయినా ఫర్వాలేదు, నడవకుండా ఉంటే చాలు.

డబ్బు మార్పిడి కౌంటరు దగ్గర నిలబడే పని పెద్దగా లేదు. ఒక్క రోజుకు కార్డులే సరిపోతాయి, చిల్లర ఖర్చులకు కొద్దిగా నోట్లు చాలు. ఒక చిక్కు మాత్రం కుటుంబాలకే వస్తుంది. సింగపూర్ మెట్రో అయిన ఎంఆర్‌టీలో బ్యాంకు కార్డు గేటుకు తాకించి వెళ్లవచ్చు గానీ, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు కావాలి. నాన్న కార్డు మీద అందరూ దూరడం కుదరదు. 0.9 మీటరు ఎత్తు లోపు పిల్లలకు ఉచితం. ఇస్తాంబుల్‌లో ఇందుకు విరుద్ధంగా ఆ ఊరి రవాణా కార్డు ఇస్తాంబుల్‌కార్ట్‌ను ఒక్కదాన్నే వరుసగా తాకించి ఇంటిల్లిపాదీ గేటు దాటవచ్చు. బయలుదేరేముందే ఆ ఊరి ప్రజారవాణా పేజీలో ఈ సంగతి చూసుకోండి. గేటు ఇవతల ఆరేళ్ల పిల్ల, అవతల తల్లి ఉండిపోవడం ఎవరికీ బాగుండదు. హోటలు పేరు, చిరునామా అక్కడి లిపిలో రాసిన చీటీ ఒకటి పిల్లల జేబులోనూ, పెద్దవాళ్ల సంచిలోనూ వేయండి. ఫోను ఛార్జింగు అయిపోయినప్పుడు టాక్సీ డ్రైవరుకు చూపించడానికి కాగితమే పనికొస్తుంది.

మళ్లీ విమానానికి

వీల్‌చైర్ కావాలని మొదటి విమానానికి చెప్పినంత మాత్రాన రెండోదానికి ఉంటుందనుకోవద్దు. బుకింగులో ప్రతి విమానానికీ విడిగా నమోదైందా అని చూసి, బయలుదేరే ముందు రోజు ఫోను చేసి అడగండి. సీట్లు కూడా అంతే, మొదటి విమానంలో పక్కపక్కన ఇచ్చినవాళ్లు రెండోదాంట్లో చెదరగొట్టి ఉండవచ్చు. ఆన్‌లైన్ చెకిన్ తెరవగానే హోటలు గదిలోంచే చేసేయండి.

ఊళ్లోకి వెళ్లొచ్చామంటే భద్రతా తనిఖీ మళ్లీ మొదటి నుంచి. మొదటి విమానాశ్రయపు డ్యూటీ ఫ్రీలో కొన్న అత్తరు సీసా 100 మిల్లీలీటర్లు దాటితే చాలా చోట్ల చేతి సంచిలో లోపలికి రానివ్వరు. చెకిన్ పెట్టెలో పెట్టాలి, ఆ పెట్టేమో నిన్ననే గమ్యానికి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి అలాంటివి ఆఖరి విమానం ఎక్కే చోటే కొనండి. పసిపిల్లల పాలకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది, తనిఖీలో అడగకముందే తీసి చూపిస్తే పని తొందరగా అవుతుంది. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ పెట్టెలో పెట్టకూడదు. బ్యాటరీలో పట్టే శక్తిని వాట్ అవర్స్‌లో కొలుస్తారు, 100 వాట్ అవర్స్ లోపు ఉన్నవాటికి సాధారణంగా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది సుమారు 74 వాట్ అవర్స్. అంకెలు చెరిగిపోయిన పాతదాన్ని ఇంట్లోనే వదిలేయండి, ఏమీ చదవలేని పరికరాన్ని కొన్నిచోట్ల తీసేసుకుంటారు.

హోటలు నుంచి ఎప్పుడు కదలాలో ముందు రాత్రే అందరికీ చెప్పాలి. నేను చెప్పే వేళ అసలు వేళకన్నా అరగంట ముందు ఉంటుంది. ఈ సంగతి మా అబ్బాయికి తెలుసు, మా వారికి తెలియదు. విమానాశ్రయం చేరాక ముందు తెర మీద గేటు నంబరు చూసి, అక్కడిదాకా నడిచి వెళ్లి, ఆ తరువాతే తిండి, కొనుగోళ్లు. పెద్ద విమానాశ్రయాల్లో చివరి గేట్లకు ఇరవై నిమిషాల నడక ఉంటుంది, బోర్డింగు మొదలయ్యే ముందు గేటు మారడమూ మామూలే. పాపను బాత్రూముకు తీసుకువెళ్లాల్సింది కూడా గేటు కనబడ్డాకే, దారి మధ్యలో కాదు.